మాల తీసిన మరునాడు

(ఒక మిత్రుని సంస్మరణ సభలో, చెన్నేకొత్తపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



స్మారకోపన్యాసాన్ని పోయిన మనిషి పేరుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ సభ ఆహ్వానపత్రికలో పేరు వేయలేదు. 'ఒక మిత్రుని స్మృతిలో' అని మాత్రమే వేశారు. పేరు వేయొద్దని ఆయనే ఇంట్లోవాళ్ళకు చెప్పి పోయాడు. ఆ మాట మీది గౌరవంతో నేనూ ఆయన పేరెత్తను. ఇక్కడున్నవాళ్ళలో చాలామందికి ఆయనెవరో తెలుసు. తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీరలు నేశాడు. వాన పడిన ఏడాది ఇక్కడి చేలో చెనిక్కాయ వేశాడు. చాలా ఏళ్ళు తాగాడు. ఆ తర్వాత పోయేదాకా తాగలేదు. తాను మానేశాక, మానాలనుకున్న మరికొందరి పక్కన ఓపిగ్గా కూర్చున్నాడు.

పేరు ఎందుకు వద్దంటావని ఒకసారి అడిగాను. "నేను బస్టాండులో పడిపోయినప్పుడు సూడనోళ్ళు ఎవరుండారు సార్? దాపెట్టేదానికి ఏముంది?" అన్నాడు. మరెందుకు అంటే, "ఈయప్ప మానినాడు సూడండని నా పేరు ఊరంతా చెప్తే, రేపు నేనే మళ్ళీ తాగినాననుకో, ఈ దారే మంచిది కాదంటారు. నన్ను సూసి ఎవురూ ఆగిపోగూడదు" అన్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ అని పిలుచుకునే సహవాసం, 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో పన్నెండు సంప్రదాయాలను ఆమోదించుకుంది. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో పేరు బయటపెట్టుకోకూడదన్నది వాటిలో ఒకటి. ఆ నియమం వెనకనున్న ఆలోచనను మన మిత్రుడు తన యాసలో పూర్తిగా చెప్పేశాడు.

ఈరోజు నేను మాట్లాడబోయే విషయం కూడా ఆయన బతుకులోదే. తాగుడు మానాలనుకున్న మనిషి ఎక్కడికి పోవాలి? పోయాక అక్కడ ఏం జరుగుతుంది? అలాంటి చోటు మన మండల కేంద్రంలో ఎందుకుండాలి? నా ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరుగా గడిచింది కాబట్టి వైద్యం సంగతీ వస్తుంది. ముందుగా మనందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడతాను.

మాల

కార్తీకం వస్తే మన ఊళ్ళలో అయ్యప్ప మాలలు పడతాయి. ఏడాది పొడుగునా తాగే మనిషి, మాల మెడలో ఉన్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టడు. భార్య నమ్మలేక చూస్తుంది. తల్లి దేవుళ్ళందరికీ మొక్కుకుంటుంది. శబరిమల పోయి వస్తాడు, మాల తీస్తాడు. కొందరు ఆ రాత్రికే, ఇంకొందరు మరునాటికి మళ్ళీ బ్రాందీ షాపు ముందు కనబడతారు. అప్పుడు ఊరు ఏమంటుంది? వీడి భక్తి ఉత్తదే అంటుంది. కుక్క తోక అంటుంది.

ఆ నలభై ఒక్క రోజులు ఎట్లా గడిచాయో ఒక్కసారి చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం. సాయంత్రం పూజ, భజన. ఒకరోజు ఒకరింట భిక్ష. నల్లబట్టల్లో ఉన్నవాణ్ణి 'ఒక క్వార్టర్ తెచ్చుకుందాం రా' అని ఎవరూ పిలవరు. నిన్నటిదాకా తాగుబోతా అన్నవాళ్ళే స్వామీ అంటారు. మనసు తడబడితే అడగడానికి గురుస్వామి ఉంటాడు. చీకటి పడి నాలుక లాగే వేళకు ఆ మనిషి పదిమంది మధ్య కూర్చుని చప్పట్లు కొడుతూ పాడుతుంటాడు. మాల తీసిన రోజున ఆ పదిమందీ ఎవరింటికి వాళ్ళు పోతారు. పిలుపు మళ్ళీ పాతదవుతుంది. సాయంత్రం ఏడు గంటల వేళ మళ్ళీ ఖాళీ అవుతుంది. భక్తి ఆయన్ని నిలబెట్టిన మాట నిజమే. ఆ భక్తికి రోజూ ఆసరాగా నిలిచింది మాత్రం పక్కనున్న మనుషులు. దేవుడు ఎక్కడికీ పోలేదు, మనుషులు పోయారు.

పాత లెక్కన మన అనంతపురం జిల్లాలోనే, బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడి ఉంది. అక్కడ తాగుడు మానడానికే మాల వేసుకుంటారు. ఏకాదశి వచ్చిందంటే ఇక్కడి నుంచీ, పక్కనున్న కర్ణాటక నుంచీ జనం వస్తారు. ఒకసారి మాల వేయించుకుని పోతే పని అయిపోయినట్టు కాదు, మళ్ళీ ఏకాదశికి రావాలి. ఆ నియమం పెట్టినవాళ్ళు తాగుబోతు మనసును లోతుగా చదివినవాళ్ళు. మానతానని మాటిచ్చే చోట్లు మనకు చాలా ఉన్నాయి. బిడ్డ తల మీద ఒట్టు, గుడి గడప మీద ఒట్టు, పెద్దమనుషుల ముందు కాగితం మీద వేలిముద్ర. మాటిచ్చినవాడు మళ్ళీ వచ్చి కూర్చునే చోట్లే తక్కువ. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతే. మానిన మనిషికి మాల తీసిన మరునాడు కూడా పోవడానికి ఒక చోటు కావాలి.

ఒళ్ళు

డాక్టరుగా నేను చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. రోజూ పొద్దున లేస్తూనే తాగే స్థితికి వచ్చిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ప్రమాదం. ఆఖరి గుక్క తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఒంటి మీద చీమలు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, తామెక్కడున్నారో తెలియదు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుని మంత్రాలు వేయించేలోపు ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. మాల వేసుకున్న రెండో రోజో మూడో రోజో ఫిట్స్‌తో ఆసుపత్రికి మోసుకొచ్చిన స్వాములను నేను చూశాను. వాళ్ళ నిష్ఠలో లోపమేమీ లేదు. ఒళ్ళు మందుకు అంతగా అలవాటుపడిపోయింది. ఆ కొద్ది రోజులు డాక్టరు పర్యవేక్షణలో తగిన మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తే చాలామంది క్షేమంగా బయటపడతారు. కాబట్టి రోజూ తాగేవాణ్ణి ఉన్నపళంగా మానెయ్యమని ఒత్తిడి చేయొద్దు. ముందు ఆసుపత్రికి తీసుకుపొండి.

ఇంకొక మాట. తాగుడు మాన్పించే మందు అని చెప్పి, మనిషికి తెలియకుండా సాంబార్లో, మజ్జిగలో కలిపే అలవాటు మన ఊళ్ళలో ఉంది. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే మొహం కందిపోతుంది, వాంతులవుతాయి, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఒక్కోసారి గుండె కూడా ఆగుతుంది. మనిషికి అన్నీ చెప్పి, ఒప్పించి, డాక్టరు ఇవ్వాల్సిన మందు అది. ప్రేమ కొద్దీ అయినా సరే, దొంగచాటుగా ఇవ్వొద్దు.

మన మిత్రుని భార్య మొదటిసారి నా దగ్గరికి వచ్చి ఒకటే మాట చెప్పింది: "సారూ, ఈయప్ప తాగకుంటే చేతులు వణుకుతాండాయి. తాగితే ఇల్లు వణుకుతాంది." నా వైద్యపుస్తకాల్లో ఈ జబ్బుకు ఇంతకంటే మంచి వర్ణన చూడలేదు. ఆయన్ని బెంగళూరు నిమ్హాన్స్‌కు పంపాను. హిందూపురం, పెనుకొండ వాళ్ళకు ఒంట్లో ఏం బాగాలేకపోయినా చూపు బెంగళూరు మీదికే పోతుంది. తాగుడుకు చికిత్స చేసే ప్రత్యేక విభాగం అక్కడ చాలా ఏళ్ళుగా ఉంది. వార్డులో ఉన్న రోజుల్లో వణుకు తగ్గింది, నిద్ర పట్టింది, అన్నం సయించింది. ఆసుపత్రి చేయగలిగింది ఆసుపత్రి చేసింది. బస్సు దిగి ఊళ్ళోకి వచ్చిన తర్వాత ఏం చేయాలన్నదే మిగిలింది.

అంతదూరం పోగలిగినవాళ్ళు కూడా ఎందరో లేరు. కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. దాని లెక్కన అప్పటికి దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. అందులో తాగుడుకు పూర్తిగా బానిసలైనవాళ్ళు 2.9 కోట్లు. అట్లాంటివాళ్ళు 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స అందింది. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? మన ఇళ్ళల్లోనే ఉన్నారు. మన అరుగుల మీద, మన బస్టాండుల్లో ఉన్నారు.

గది

నిమ్హాన్స్ వార్డులో ఉండగానే ఆయనకు ఏఏ సంగతి తెలిసింది. మానేసిన మనుషులు ఆసుపత్రులకు వచ్చి, చికిత్స పొందుతున్నవాళ్ళతో మాట్లాడిపోవడం ఆ సహవాసంలో ఒక పద్ధతి. ఊరికొచ్చాక, "సార్, ఆదివారం మీటింగుకి పోదామనుకుంటాండా, నాతో వస్తారా?" అని అడిగాడు. ఏఏలో కొన్ని సమావేశాలు తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే పరిమితం. కొన్నింటికి ఎవరైనా పోవచ్చు, వాటిని ఓపెన్ మీటింగులంటారు. అట్లాంటిదానికే పోయాం. ఇక్కడి నుంచి హైవే మీద బెంగళూరు దాకా.

అది ఒక బడిలోని తరగతి గది. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. గోడకు, తాగుడు మానే దారిగా ఏఏ చెప్పే పన్నెండు మెట్లు రాసిన గుడ్డ బ్యానరు. ఒక మూల ఫ్లాస్కులో టీ, పేపరు కప్పులు, బిస్కెట్లు. మాటలన్నీ కన్నడంలో. మనవాళ్ళకు కన్నడం పరాయి భాష కాదు గదా, ఆయనకు ఇబ్బంది కలగలేదు. గుమ్మం దగ్గర ఎవరో చేయి కలిపి కుర్చీ చూపించారు. ఏ ఊరు, ఏ కులం, ఏం పని అని ఒక్కరూ అడగలేదు. రిజిస్టర్లో సంతకం లేదు, ఫీజు లేదు.

కొద్ది క్షణాల మౌనం, ఒక చిన్న ప్రార్థన, కొంత చదవడం. తర్వాత ఒక్కొక్కరే తమ పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి మాట్లాడసాగారు. అందరూ ఆ పేరుతో పలకరిస్తారు. మాట్లాడేవాడు తన కత మాత్రమే చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డం రారు. ఇట్లా చెయ్యి, అట్లా చేయొద్దు అని ఎవరూ ఎవరికీ సలహాలివ్వరు. ఒక ఆటో డ్రైవరు మాట్లాడాడు. కూతురి స్కూలు ఫీజు కట్టడానికి బయలుదేరి, దారిలో ఆటో ఆపి, ఆ డబ్బు మొత్తం తాగి, ఇంటికొచ్చి జేబు కొట్టేశారని ఏడ్చాడట. ఆ ఏడుపు దొంగ ఏడుపా నిజం ఏడుపా తనకే తెలియలేదన్నాడు. పక్కనే ఉన్న బ్యాంకు ఆఫీసరు తల వంచుకుని వింటున్నాడు. తర్వాత వంతు ఆయనది. కత వేరు, ఏడుపు అదే. మన మిత్రుని వంతు వచ్చినప్పుడు పేరు మాత్రం చెప్పి, ఈరోజుకి వింటానన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు. చివర్లో ఒక చిన్న సంచి తిప్పారు. గది అద్దె, టీ ఖర్చు దాంట్లోంచే. బయటివాళ్ళ దగ్గర విరాళం తీసుకోకూడదన్నది వాళ్ళ నియమం. ఆయన జేబులో చేయి పెట్టబోతే, పక్కనున్నాయన కొత్తగా వచ్చినవాళ్ళు వేయనక్కర్లేదని ఆపాడు.

తిరుగు బస్సులో చాలాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. చివరికి, "సార్, ఆ ఆటో ఆయప్ప చెప్పింది నా కతే. నా కత ఆయప్పకు ఎవురు చెప్పినారు?" అన్నాడు.

నేను ఎన్నో ఏళ్ళు లివరు గురించి చెప్పాను, స్కానింగులు చూపించాను. ఆయన విన్నాడు, తలూపాడు. భార్య ఏడిస్తే తలూపాడు, అన్నదమ్ములు కొడితే తలూపాడు. మాకెవరికీ లేనిది ఆ ఆటో డ్రైవరుకుంది. తనలాగే పడి లేచిన మనిషి ఎదురుగా కూర్చుని, నవ్వుతూ, తాగకుండా ఉండటం ఆయన మొదటిసారి చూశాడు. ఇంక తన గతి ఇంతే అనుకున్నవాడికి వేరే గతి కూడా ఉందని ఆ ఒక్క మనిషి రుజువు చేశాడు. జీవితమంతా తాగనని అక్కడ ఎవరూ ఒట్టు పెట్టించరు. ఈ ఇరవై నాలుగు గంటలు తాగకుండా ఉండు, వచ్చే వారం మళ్ళీ రా అంటారు. తాగాలనిపిస్తే ముందు ఫోన్ చెయ్యమని నంబరిస్తారు. మధ్యలో తప్పి తాగినా మళ్ళీ రావచ్చు. ఆ కుర్చీ అట్లాగే ఉంటుంది.

ఇద్దరు

ఇది ఎట్లా పుట్టిందో కొంచెం చెబుతాను. 1935 మే నెలలో న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ అనే వ్యాపారి అమెరికాలోని యాక్రన్ పట్టణానికి వచ్చాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. వచ్చిన పని చెడిపోయింది, చేతిలో డబ్బు లేదు. హోటల్లో ఒకవైపు బారు, నవ్వులు వినబడుతున్నాయి. ఇంకోవైపు టెలిఫోన్. ఆయన ఫోను దగ్గరికి పోయి చర్చిలకు ఫోన్ చేయసాగాడు. ఏమని? నాకు సాయం చెయ్యండని కాదు. ఈ ఊళ్ళో తాగుడుతో బాధపడుతున్న మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, నేను మాట్లాడాలని. అట్లా మే 12న డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని వచ్చిన డాక్టరు, గంటల తరబడి కూర్చున్నాడు. ఆయన ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా జరుపుకుంటారు. మన దేశానికి ఈ సహవాసం 1957లో వచ్చింది.

ఆ ఫోన్‌కాల్‌లోనే మొత్తం కిటుకుంది. ఇంకొకరికి సాయపడటం వల్ల తన కాళ్ళు నిలబడతాయని బిల్ విల్సన్ గ్రహించాడు. మన మిత్రుడు కూడా ఏఏ పుస్తకాలు కంఠతా పట్టి మానలేదు. ఇక్కడికొచ్చి మరొకడి పక్కన కూర్చోవడం వల్లే నిలబడ్డాడు.

ఇట్లాంటి ప్రయత్నం అంతకు ముందు కూడా జరిగింది. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు కలిసి వాషింగ్టోనియన్లు అనే సంఘం పెట్టుకున్నారు. అది దావానలంలా వ్యాపించింది. తర్వాత ఆ రోజుల రాజకీయ వివాదాల్లో చిక్కుకుని కొన్నేళ్ళకే చెదిరిపోయింది. ఏఏ ఆ పాఠం నేర్చుకుంది. మతం, పార్టీ, మద్యనిషేధం వంటి ఏ బయటి విషయం మీదా అభిప్రాయం చెప్పదు. మన ఊళ్ళలో సంఘం అనగానే ఎవరి వర్గం అని అడుగుతారు కాబట్టి ఈ జాగ్రత్త మనకు మరీ అవసరం.

ఇదంతా నమ్మకం మీద నడిచేదేనా, రుజువుందా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. వైద్యపరిశోధనల సారాన్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో దీని మీద నివేదిక ఇచ్చింది. 27 అధ్యయనాలు, వాటిలో 10,565 మంది. ఏఏ బాటలో నడిపించే చికిత్స పొందినవాళ్ళలో ఏడాది తర్వాత 100కి 42 మంది పూర్తిగా తాగకుండా ఉన్నారు. ఇతర మానసిక చికిత్సలు పొందినవాళ్ళలో 35 మంది. తేడా ఉంది. అయితే మిగిలిన 58 మంది సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి గదిలో కూర్చుంటే జబ్బు నయమవుతుందని నేను చెప్పను. తప్పినవాణ్ణి తరిమేయని చోటు కాబట్టే దాని మీద నాకు నమ్మకం.

దూబగుంట తర్వాత

తాగుడు మీద పోరాటంలో తెలుగు నేలకు గొప్ప చరిత్ర ఉంది. అప్పటి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టాడు. మరుసటేడు అది మన పొరుగునున్న కడప జిల్లాకూ వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళ ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తేశారు. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతిలోకి వచ్చాయి, ధరలు పెరిగాయి, మన సరిహద్దు ఊళ్ళలోకి కర్ణాటక టెట్రా ప్యాకెట్లు దొంగదారిన వచ్చాయి. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్ళీ ప్రైవేటుకు పోయాయి, 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది.

దూబగుంట అక్కలకు నేను చేతులెత్తి మొక్కుతాను. వాళ్ళు సాధించింది చిన్నది కాదు. సారా కొట్టు లేని ఊళ్ళో కొత్తగా తాగుడు నేర్చుకునే పిల్లలు తగ్గుతారు. కానీ ఈ ముప్పై ఏళ్ళలో కొట్టు తెరవడం గురించీ మూయడం గురించీ జరిగిన చర్చలో పదో వంతైనా, కొట్టు ముందు నిలబడిన మనిషి గురించి జరగలేదు. కొట్టు మూసిన రోజు అతను గుడుంబాకు పోయాడు, సరిహద్దు దాటాడు. తెరిచిన రోజు తిరిగొచ్చాడు. అతనితో కూర్చుని మాట్లాడే పని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ చేయలేదు, చేయజాలదు కూడా. అది తోటి మనిషే చేయాలి.

పల్లెల్లో ఇది కుదరదనేవాళ్ళకు ఒక ఉదాహరణ చెబుతాను. తాగుడుకు భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సాలయం పెట్టారు. పల్లెవాళ్ళు నగరానికి రాలేరని గ్రహించి, 1989 నుంచి తమిళనాడులోని మంజక్కుడి గ్రామంలో శిబిరాలు మొదలుపెట్టారు. ఆ చుట్టుపక్కల మగవాళ్ళు కొన్ని రోజులు ఒకేచోట ఉండి, మందులు తీసుకుని, కలిసి మాట్లాడుకుని, ఇంటికి పోయాక కూడా మళ్ళీ వచ్చి కలిసేవాళ్ళు. ఇంట్లోవాళ్ళకూ విడిగా సమావేశాలుండేవి. ఊరే ఆసరాగా నిలిచింది. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరకపోదు.

అక్కచెల్లెళ్ళు

నిజానికి గుండ్రంగా కూర్చుని కష్టం చెప్పుకోవడం చెన్నేకొత్తపల్లికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 1990లో ఇక్కడి బీడు కొండల పక్కన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలైంది. ఆ తర్వాత పొదుపు సంఘాలు పుట్టాయి, అవి సహకార సంఘాలై మహాశక్తి సమాఖ్యగా నిలిచాయి. నెలనెలా కూర్చుని, పైసా పైసా లెక్క చూసుకుని, అప్పు ఎవరికివ్వాలో తామే తేల్చుకునే ఆడవాళ్ళు ఈ మండలంలో ఉన్నారు. ఆ పుస్తకాల్లో 'ఇంటి ఖర్చు' అని రాసిన అప్పుల్లో తాగుడు వల్ల చేసినవి ఎన్నో, ఈ సభకొచ్చిన సంఘాల అక్కచెల్లెళ్ళారా, మీకు తెలుసు. నేను చెప్పక్కర్లేదు.

మీకు ఒక విన్నపం. తాగే మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకు కూడా జబ్బు అంటుకుంటుంది. సీసాలు వెతకడం, జేబులు తడమడం, అబద్ధాలు చెప్పి పనికి సెలవు అడగడం, తన వల్లే తాగుతున్నాడేమోనని కుమిలిపోవడం. బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొక స్త్రీతో కలిసి 1951లో అల్-అనాన్ అనే సహవాసం పెట్టింది ఇందుకే. భర్త మానినా మానకపోయినా భార్య తన మనసును కాపాడుకోవాలి కదా. మన మిత్రుని భార్య, "ఆయప్ప తాగేది నా సేతిలో లేదని తెలిసినరోజు నాకు నిద్ర పట్టింది" అంది. కొట్టేవాణ్ణి భరించమని ఇందులో ఎక్కడా లేదు. దెబ్బలు పడే ఇంట్లో మొదట కావలసింది రక్షణ, పోలీసులు, పుట్టింటివాళ్ళు, సంఘం. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

ఈ ఊరికి ఏం కావాలి

ఇక పనిలోకి వద్దాం. ఏఏ మొదలుపెట్టడానికి అనుమతులు, డబ్బులు అక్కర్లేదు. తాగుడు మానాలనుకునే ఇద్దరు మనుషులు అందుకోసం కలిసి కూర్చుంటే చాలు, అది సమూహమే. సభ్యత్వానికి కావలసిందల్లా మానాలన్న కోరిక. చదువు రానివాళ్ళకు ఒకరు చదివి వినిపిస్తే సరిపోతుంది.

ఒక గది కావాలి. గుళ్ళో వద్దు, చర్చిలో వద్దు, మసీదులో వద్దు, పార్టీ ఆఫీసులో అసలే వద్దు. ఎవరైనా సంకోచం లేకుండా అడుగుపెట్టగలిగే బడి గదో, గ్రంథాలయమో కావాలి. ఏ వర్గం వాడూ ఇది మాది అనుకోకూడదు, ఏ కులం వాడూ ఇది మాకు కాదు అనుకోకూడదు.

ఒక వేళ కావాలి. అది వారం వారం మారకూడదు. చీకటి పడే వేళ, అంటే షాపు పిలిచే వేళే పెట్టాలి. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేసే పిల్లలకూ, ధర్మవరం మగ్గం దిగలేనివాళ్ళకూ ఇంకొక వేళ, లేదంటే ఫోన్లో జరిగే సమావేశాల దారి చూపించాలి. ఒక్కరే వచ్చినా ఆ గది తెరవాలి. మన మిత్రుడు ఇక్కడ గురువారం సమావేశం మొదలుపెట్టిన కొత్తలో ఎన్నో సాయంత్రాలు బడి వరండాలో ఒంటరిగా కూర్చుని పోయాడు. రెండో మనిషి వచ్చిన రోజు ఆయన అక్కడ ఉన్నాడు కాబట్టే, వచ్చినవాడు వెనక్కి పోలేదు.

ఒక డాక్టరు కావాలి. ఒళ్ళు వణుకుతూ వచ్చినవాణ్ణి ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చాలి. ఆ పనికి నేనున్నాను, నా తర్వాత ఇంకొకరు ఉండేలా చూడాలి. ఫోన్ చేసి అడగదలచినవాళ్ళకు ప్రభుత్వ నంబర్లున్నాయి. మత్తు అలవాట్ల నుంచి బయటపడటానికి 14446, మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416. రెండింటికీ డబ్బు పడదు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

నోరు కట్టుకోవడం కావాలి. గదిలో విన్నది గదిలోనే ఉండాలి. టీకొట్టు దగ్గర ఒక్కడి కత బయటపడితే, మరుసటి వారం ఒక్కరూ రారు. ఈ ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు కాబట్టి ఇది కష్టమే. కష్టమైనా ఇది తప్పదు.

ఊరి వైపు నుంచి ఒకటి కావాలి. మానినవాణ్ణి పరీక్షించొద్దు. 'ఎన్నాళ్ళుంటావులే' అనొద్దు. పెళ్ళిలో, తిథిలో, ఎలక్షన్లో 'ఒక్క గ్లాసుకేమైతాది' అని చేతిలో పెట్టొద్దు. ఆ ఒక్క గ్లాసు దగ్గర ఆయన పడిన శ్రమంతా పోతుంది. ఈ మాట ముఖ్యంగా ఓట్ల కోసం పెట్టెలు పెట్టెలు దించే అన్ని పార్టీల పెద్దలకూ చెబుతున్నాను. మీరు ఒక్క రాత్రిలో పంచేదాన్ని వదిలించుకోవడానికి ఒక్కో ఇల్లు ఏళ్ళకేళ్ళు పోరాడుతోంది.

మన మిత్రునికి విగ్రహం వద్దు, ఆయన పేర వీధి వద్దు. ఆయన మొదలుపెట్టిన గురువారం సమావేశం ఆగకుండా నడవాలి. ఆ బాధ్యత తీసుకుంటామని ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు నాకు చెప్పారు. వచ్చే గురువారం సాయంత్రం ఏడు గంటలకు బడి గది తెరిచి ఉంటుంది. మానాలనుకుంటున్నవాళ్ళు రండి. మానగలమో లేదో తెలియనివాళ్ళు కూడా రండి. ఆరోజు తాగి ఉన్నా, గొడవ చేయకుండా కూర్చుని వినగలిగితే రండి. కుర్చీలు వేసేది మానిన మనుషులే. మీరెవరని అడగరు, టీ ఇస్తారు.